ఇంటర్మీడియట్, సాయంత్రం బ్యాచ్

పరీక్ష పెట్టి, కాగితం చేతికిచ్చి
"మీరు ఇంటర్మీడియట్" అంది ఫ్లేవియా మేడమ్.
నవ్వొచ్చింది.
కదిరిలో ఇంటర్ రెండుసార్లు తప్పినదాన్ని,
రెండుసార్లూ ఇంగ్లీషే.
ఇరవయ్యొక్కేళ్ళ తర్వాత మడివాళలో
బేకరీ మీది రెండో అంతస్తులో
హాల్‌టికెట్టు లేకుండా పాసయ్యాను.
కింద నుంచి దిల్‌పసంద్ కాలే వాసన.

ఇంటర్మీడియట్ అంటే
సూపర్‌వైజర్ తిట్టు మొత్తం అర్థం కావడం.
మునుపు సగమే తెలిసేది, సగమే నొచ్చుకునేదాన్ని.
ఇప్పుడు కుట్టు కుట్టుగా తెలుస్తుంది,
జవాబు మాత్రం నోట్లో దారంలా చిక్కుపడుతుంది.
బొమ్మనహళ్ళిలో పడ్డ మాటకు
సిల్క్ బోర్డు దగ్గర జవాబొస్తుంది,
వ్యాకరణంతో సహా, చివరి ఎస్ కూడా మరిచిపోకుండా.
బస్సు కదలదు.
ముందు సీటు వీపుకు చెప్పుకుంటాను.

కన్నడానికి ఇంత అవస్థ లేదు.
నీళ్ళ ట్యాంకర్ దగ్గర బిందె బిందెకూ కొంత వచ్చింది,
ఓనరమ్మ అద్దె అడిగినప్పుడల్లా ఇంకొంత.
తప్పు మాట్లాడితే నవ్వారు,
నీళ్ళు మాత్రం పట్టుకోనిచ్చారు.
ఇంగ్లీషుకే మూడు నెలలకు రెండు వేల నాలుగు వందలు,
పైన ఎర్ర పెన్ను.

మా మాటలో గుండీకి ముందు ఏమీ ఉండదు.
గుండీ ఊడింది, అంతే.
ఇక్కడ దాని గుమ్మంలో ఒక చిన్న కాపలావాడు.
"ద బటన్ ఈజ్ మిస్సింగ్" అని రాస్తే
బయ్యర్ తరఫు మనిషి చొక్కా అటూ ఇటూ తిప్పి
"విచ్ బటన్?" అన్నాడు,
ఆ గుండీని నేనాయనకు ముందే
పరిచయం చేసి ఉండాల్సినట్టు.
రోజుకు ఆరు వందల చొక్కాలు చూస్తాను.
ఏ గుండీ అని చెప్పను?

ఒక్క పాఠం నచ్చింది. హ్యావ్ బీన్.
ఎప్పుడో మొదలై ఇంకా అయిపోని పని, అంది మేడమ్.
తలా ఒక వాక్యం చెప్పమంది.
సెల్వి: ఐ హ్యావ్ బీన్ కుకింగ్.
నేను: ఐ హ్యావ్ బీన్ స్టాండింగ్.
సిన్స్ రాయాలా, ఫర్ రాయాలా?
పాదాలనడిగి రాశాను.

చిక్కంతా వుయ్‌తో వచ్చింది.
మనకు రెండున్నాయి గదా, మేము, మనం.
ఒకటి ఎదుటి మనిషిని వాకిట్లోనే నిలబెడుతుంది,
ఒకటి చాప పరుస్తుంది.
"మేడమ్, వుయ్ అంటే ఈ రెంటిలో ఏది?"
చాక్‌పీసు పట్టుకుని ఆలోచించింది. వాళ్ళింట్లో కొంకణి.
బిహారు పిల్లాడు ఫోన్లోంచి తలెత్తలేదు.
సెల్వి ఒక్కతే బెంచీ చరిచింది:
"మాకూ ఉండాది అక్కా! నాంగళ్, నామ్!"
"సందర్భాన్ని బట్టి" అంది మేడమ్ చివరికి.

ఆ సందర్భం శుక్రవారం వచ్చింది.
టీ బ్రేకు ఆపించి హెచ్చార్ సారు మైకు పట్టాడు.
వుయ్ ఆర్ ఎ ఫ్యామిలీ, అన్నాడు.
వుయ్ హ్యావ్ డిసైడెడ్, అన్నాడు.
నాలుగో లైను దొడ్డబళ్ళాపురం పోతుందట,
రాగలిగినవాళ్ళు రావచ్చట.
కష్టమొస్తే వుయ్ విల్ ఫేస్ టుగెదర్ అట.
నా చెయ్యి పైకి లేచింది, క్లాసు అలవాటు.
"సార్, విచ్ వుయ్?"

తప్పు వాక్యం. క్రియ కూడా లేదు.
ఆయన "సారీ?" అన్నాడు.
మళ్ళీ చెప్పాను, ఈసారి నెమ్మదిగా, విడదీసి,
ఆయనే సాయంత్రం బ్యాచ్‌లో ఉన్నట్టు.
మిషన్లు ఆగి ఉన్నాయి, అందరికీ వినబడింది.
ఆయన నీళ్ళు తాగాడు.
"గుడ్ క్వశ్చన్" అని కాగితం మడిచాడు.

సోమవారం నోటీసు అంటించారు,
నాలుగో లైను, నూట పది పేర్లు.
అందులో నాది ముప్పయ్యారోది,
స్పెల్లింగు తప్పు.

కానీ ఆ శుక్రవారం సిల్క్ బోర్డు దగ్గర
బస్సు నలభై నిమిషాలు నిలబడిపోతే
ముందు సీటు వీపుకు చెప్పడానికి
నా దగ్గర ఏమీ మిగల్లేదు.
హోంవర్కు తీశాను.
ఖాళీలు పూరించండి, ఎ లేదా ద.
ఇంకా పదకొండున్నాయి.